మొదటి పోత

చర్లపల్లి, హైదరాబాద్
జూన్ 9

పద్మక్కకు,

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తనని పదిమందిలో అన్నావు, అన్నట్టే చేస్తున్నావు. ఇరవై రోజులు చేసి చేసి, ఇక లాభం లేదని కాగితాలు కొనుక్కొచ్చాను. దీన్ని చింపి పొయ్యిలో పెట్టినా సరే, పెట్టే ముందు ఒక్కసారి చదువు.

అమ్మ పోయిన మూడో రోజే బస్సెక్కాను. తప్పే, కాదనను. కానీ ఇక్కడ పోత పెట్టుకొని ఉన్నారు. కరిగిన కంచును అచ్చులో పోసే పని ఈ కార్ఖానాలో నా చేతి మీదే నడుస్తుంది, నేను లేకపోతే అన్నీ ఆగిపోతాయి. పదకొండో రోజుకన్నా వద్దామనుకున్నాను. "మల్ల గీ గడప తొక్కకు" అని నువ్వన్న మాట చెవుల్లోనే ఉంది. ఎట్లా వచ్చేది చెప్పు?

అసలు సంగతి వేరే. జనవరిలో అమ్మను దమ్ము జబ్బుకు చూపించడానికి ఇక్కడి దవాఖానకు తీసుకొస్తే నా గదిలో పన్నెండు రోజులు ఉంది కదా. ఒకరోజు కార్ఖానాకు తీసుకుపోయి ఆమె కుడిచేతికి అచ్చు తీశాను. పళ్ళ డాక్టర్లు వాడే పొడి ఒకటి ఉంటుంది. దాన్ని బకెట్లో చల్లటి నీళ్ళతో కలిపి చెయ్యి ముంచితే ఐదు నిమిషాల్లో జున్నులాగా గడ్డకడుతుంది. కదలకుండా కూర్చోవే అంటే ఏమన్నదో తెలుసా? "జల్ది కానియ్యిరా, బీడీ కట్టలు తక్కువైతయ్" అంది. హైదరాబాద్‌లో ఆమెకెక్కడి బీడీలు! నేను పడిపడి నవ్వాను. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే అన్నం సహించడం లేదు.

చెయ్యి తీసేశాక మిగిలిన ఖాళీలో ప్లాస్టర్ పోశాను. అమ్మ చెయ్యి తెల్లగా బయటికొచ్చింది. దాన్ని కంచులో పోసి పంపుతాను. నీకోసం కాదు, ప్రియ కోసం. కళ్ళు లేని పిల్లకు అమ్మమ్మ ఫోటో ఎందుకు పనికొస్తుంది? చెయ్యి అయితే పట్టుకుంటుంది.

పంపమంటావా? ఒక్క ముక్క రాయి.

నీ తమ్ముడు,
నాగేందర్


ఆర్మూర్
జూన్ 21

నాగేందర్‌కు,

నీ ఉత్తరాన్ని చింపలేదు, పొయ్యిలో పెట్టనూ లేదు. గ్యాసు పొయ్యిలో కాగితాలు పెట్టరు. ఇంట్లో ఏ పొయ్యి ఉందో కూడా నీకు గుర్తు లేదన్నమాట.

కలం పట్టుకుంటే బళ్ళో నేర్పిన భాషే వస్తోంది. నోటితో అయితే ఇంకోలా తిట్టేదాన్ని. బతికిపోయావు.

మీ బావ మస్కట్ నుంచి వచ్చి, పదకొండు రోజులు ఉండి, అన్నీ చేసి వెళ్ళాడు. ఇరవై గంటల దారి ఆయనది. నాలుగు గంటల దారి నీది. అడిగినవాళ్ళకు ఏం చెప్పాలో తెలియక, నీకు జ్వరమని చెప్పాను. తల్లి చావుకు అబద్ధం ఆడించావు నాతో.

ప్రియ సంగతి రాస్తాను, ఎందుకంటే నువ్వు దాని పేరు ఎత్తావు. అమ్మ పోయినప్పటి నుంచి అది బీడీలు చుట్టడం లేదు. పొద్దున లేచి తునికాకు తడిపి, చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఆకు ఆరిపోతుంది, మళ్ళీ తడుపుతుంది. దానికి పదేళ్ళప్పుడు ఆ పని నేర్పింది అమ్మే కదా. దాని వెనక కూర్చుని, దాని చేతుల మీద తన చేతులు పెట్టి, ఆకు మలచడం, తంబాకు పోయడం, మూతి మడవడం అన్నీ అట్లాగే నేర్పింది. పక్కింటి హలీమా ఊరుకోలేక, "కండ్లు లేని పోరికి గీ పనెందుకు కమలవ్వా" అంటే, అమ్మ "బీడీకి కండ్లెందుకే, చేతి ఏళ్ళుంటే చాలు" అంది. పంతొమ్మిదేళ్ళు వచ్చాయి దానికిప్పుడు. నాకంటే సాఫుగా చుట్టేది.

మొన్న ఒక మాట అడిగింది. "అమ్మా, అమ్మమ్మ చెయ్యి ఎట్లుంటదో నేను మరిచిపోతనేమో?" అని. మనం ముఖం చూసి గుర్తుపెట్టుకుంటాం. దానికి అమ్మమ్మ అంటే ఆ చెయ్యే. అది మరిచిపోతే దానికి అమ్మమ్మ రెండోసారి పోయినట్టే. ఆ భయంతోనే పిల్ల సగమైంది.

పంపు. త్వరగా పంపు. నీ మీద కోపం తగ్గి అడుగుతున్నానని అనుకోకు.

పద్మలత


చర్లపల్లి
జూలై 30

పద్మక్కకు,

పంపు అన్నావు, చాలు. నెల దాటిందని తిట్టుకోకు. ఇది బజారులో కొనే వస్తువు కాదు.

ప్లాస్టర్ చేతి మీద రబ్బరు పోసి రెండు ముక్కల అచ్చు చేయాలి. అందులో మైనం పోస్తే మైనం చెయ్యి వస్తుంది. దాని చుట్టూ సన్నటి ఇసుక పూత, ఆరాక ఇంకో పూత, అట్లా ఏడు పూతలు. వానలకు ఒక్కో పూత ఆరడానికే రెండు రోజులు పట్టింది. తరువాత భట్టీలో పెడితే మైనం కరిగి కారిపోతుంది, లోపల చెయ్యంత ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకే కంచు పోసేది. పూతలో తడి చుక్క మిగిలినా పోసిన కంచు పోసినోడి ముఖం మీదికే లేస్తుంది. అందుకే ఎవరు తొందర పెట్టినా నేను ఆరనిదే పోయను. ఈ పనిలో నాకున్న పేరంతా ఆ ఒక్కదానికే.

ఇంత నున్నగా, ఇంత అందంగా వచ్చిన పోత ఈ కార్ఖానాలో ఇంకోటి లేదక్కా. మా కార్ఖానా రఘునందన్ సార్ చూసి, "గీ చెయ్యి ఎవరిదిరా, ఏ రాణిదన్ననా?" అని అడిగాడు. బీడీలు చుట్టిన చెయ్యి సార్ అంటే నమ్మలేదు.

ఆర్టీసీ కార్గోలో వేశాను. రెండు రోజుల్లో ఆర్మూర్ బస్టాండుకు వస్తుంది. బరువుంటుంది, నువ్వు మోయకు. చింతపండుతో తోమకు, రంగు పోతుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

ప్రియ పట్టుకోగానే ఏమన్నదో తప్పకుండా రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి.

నాగేందర్


ఆర్మూర్
ఆగస్టు 8

నాగేందర్‌కు,

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

నసీర్ బస్టాండు నుంచి తన ఆటోలో పెట్టె తెచ్చి దింపాడు. హలీమా కూడా వచ్చి కూర్చుంది. ఆరోజు ప్రియ తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుంది. పెళ్ళిచూపులకు కూడా అంత తయారవదేమో. గడ్డి తీసి, గుడ్డ విప్పి, దాని ఒళ్ళో పెట్టాను. నాకైతే చూడగానే ఏడుపొచ్చింది. అమ్మ చెయ్యే. ఆ వేళ్ళ పొడవు, ఆ మణికట్టు.

ప్రియ మొదట గోళ్ళు తడిమింది. నవ్వింది. తరువాత వేళ్ళు ఒక్కొక్కటే ఎక్కింది. చిటికెనవేలు దగ్గర ఆగింది. మళ్ళీ అరచేతిలో బొటనవేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు నడిపింది. మళ్ళీ నడిపింది. మెల్లగా చెయ్యిని నేల మీద పెట్టేసింది.

"గిది అమ్మమ్మ చెయ్యి కాదమ్మా" అంది.

నేను తిట్టాను. మామ ఇంత కష్టపడి చేస్తే అట్లా అంటావా అన్నాను. "మచ్చ ఏది మరి?" అంది. అప్పుడు నేను తిప్పి చూశాను. అమ్మ అరచేతిలో గంజి ఒలికి కాలిన మచ్చ ఉండేది కదా, తాడు పరిచినట్టు లావుగా. ఆ మచ్చ గుంజడంతోనే చిటికెనవేలు లోపలికి వంగి ఉండేది. ఇందులో మచ్చ లేదు. చిటికెనవేలు కొయ్యముక్కలా నిటారుగా ఉంది.

ఎవరి చెయ్యి పంపావు నాగేందర్? మచ్చ ఏమైంది?

పద్మలత


చర్లపల్లి
ఆగస్టు 17

పద్మక్కకు,

అమ్మ చెయ్యే. ఒట్టు. ఒక సంగతి నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్పక తప్పదు. ముందే చెబితే పంపనిచ్చేదానివి కావు.

ఇక్కడ రుచిత మేడమ్ అని ఉంది. ఇళ్ళకు, హోటళ్ళకు దీపాలు, బల్లలు, తలుపు పిడులు, ఇట్లాంటివి బొమ్మల్లాగా గీసి మా కార్ఖానాలో పోయించుకుంటుంది. అమ్మ ప్లాస్టర్ చెయ్యి నా బల్ల మీద చూసింది. కొత్త హోటల్ ఒకటి కడుతున్నారు, దానికి తలుపు పిడి ఇట్లా చాపిన చెయ్యిలాగా ఉంటే, వచ్చినవాళ్ళు ఆ చెయ్యి పట్టుకుని లోపలికి పోతారు కదా అంది. నేను సరే అన్నాను. నలభై తలుపులు. నలభై చేతులు పోశాను.

రబ్బరు అచ్చు ఎన్నిసార్లని తట్టుకుంటుంది? ఒక్కోసారి మైనం పీకినప్పుడు కొంచెం కొంచెం అరుగుతుంది. గీతలు పోతాయి, వంపులు సాగుతాయి. నీకు పంపింది నలభై ఒకటోది. మచ్చ అరిగిపోయింది, అంతే. ముందు నీకు పోసి, తరువాత వాళ్ళకు పోయాల్సింది. బుద్ధి తక్కువైంది.

తిట్టాలనుకుంటే తిట్టు. పడతాను.

నాగేందర్


ఆర్మూర్
ఆగస్టు 30

నాగేందర్‌కు,

ఎట్లా తిట్టాలో కూడా తెలియడం లేదు. అమ్మ చెయ్యి హోటల్ తలుపుకా! వచ్చేవాడు, పోయేవాడు, తాగినవాడు, తిన్నవాడు పట్టుకుని గుంజడానికా! బతికినన్నాళ్ళు రోజుకు వెయ్యి బీడీలు చుట్టింది చాలదని, చచ్చాక కూడా ఆ చేతికి డ్యూటీ వేశావు. ఛీ. ఆమెను అడిగావా? అడగలేదు. అచ్చు దేనికని చెప్పి చెయ్యి ముంచమన్నావో ఆ దేవుడికే తెలియాలి.

నీ ఉత్తరం చదివి వినిపించాను. హోటల్ సంగతి వినగానే ప్రియ కూడా బాధపడుతుందనుకున్నాను. అది ఆ మాట పట్టించుకోనే లేదు. కంచు చెయ్యి మళ్ళీ ఇమ్మంది. చాలాసేపు తడిమి, నేను చెప్తా రాయి అంది. అది చెప్పినట్టే రాస్తున్నాను:

"మామా, బొటనవేలి గోరు మీద సన్నటి నిలువు గీతలున్నయి. మెటికెల మీద ఎంటికంత ముడుతలున్నయి. ఆకు కత్తెర పట్టే కాడ కాసిన కాయ గుడ ఉన్నది. గంత సన్నటియే అరగలేదు. మరి గంత లావు మచ్చ ఒక్కటే ఎట్ల అరిగింది? అరిగితె సన్నటియి గదా ముందు పోవాలె?"

అంతే అంది. నాకు ఈ పని తెలియదు. జవాబు నువ్వే చెప్పు. ఇంకో అబద్ధం రాసేటట్టయితే మాత్రం రాయకు.

పద్మలత


చర్లపల్లి
సెప్టెంబర్ 14

అక్కా,

రెండు వారాలు కాగితం ముందు పెట్టుకుని లేచిపోయాను. ముప్పై ఏళ్ళ నుంచి కంచు పని చేసేవాళ్ళు కూడా పట్టుకోలేని తప్పును ప్రియ పట్టుకుంది. దాని వేళ్ళకు దండం.

మచ్చ అరగలేదు. నేనే తీసేశాను.

అది గంజి మచ్చ కాదు. నాకు తొమ్మిదేళ్ళు. నువ్వు మోర్తాడ్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటున్నావు. పోచంపాడ్‌లో చేపలు పట్టేవాళ్ళ వలలకు కట్టే సీసం గుండ్లు కొన్ని దొరికితే జేబులో వేసుకొచ్చాను. మార్కెట్ యార్డు దగ్గర లింగన్న అని ఇత్తడి గంటలు పోసే ముసలాయన ఉండేవాడు, ఆయనను చూసి నాకూ పోయాలనిపించింది. వాకిట్లో తడి మట్టి పిసికి, పసుపు కొమ్మును అందులో అద్ది తీశాను. పసుపు కొమ్ము లాంటి గుంట పడింది. అదే నా మొదటి అచ్చు. పాత గరిటెలో సీసం కరిగించి, ముఖం దగ్గరగా పెట్టుకుని పోయబోయాను. అమ్మ అప్పుడే బీడీ కార్ఖానా నుంచి వచ్చింది. మట్టి తడిగా ఉంది. పోయగానే సీసం చిటపటమని పైకి లేచింది. నా ముఖానికీ సీసానికీ మధ్య అమ్మ అరచెయ్యి అడ్డం వచ్చింది.

నాయన కొడతాడని, గంజి ఒలికిందని అందరికీ చెప్పింది. నీకూ అదే చెప్పింది. నెల తిరగకముందే ఆ చేతితో మళ్ళీ బీడీలు చుట్టింది. తడి అచ్చులో పోయకూడదని నాకు ఏ గురువూ నేర్పలేదక్కా. ఆ చెయ్యే నేర్పింది.

జనవరిలో ప్లాస్టర్ చెయ్యి బయటికి తీస్తే, ఆ మచ్చ నా ముఖం మీదికి వచ్చినట్టయింది. మూడు రోజులు కూర్చుని గీకాను. మొదట రేకుతో, తరువాత ఉప్పు కాగితంతో. చిటికెనవేలు కోసి నిటారుగా అతికించాను. నలభై మైనాలు నా చేతుల మీదుగా పోవాలి, నలభై సార్లు దాన్ని ఎట్లా చూసేది? రుచిత మేడమ్ తియ్యమనలేదు. ఆమె ఆ మచ్చను చూడనే లేదు.

ఇంకో అబద్ధం కూడా ఉంది. మూడో రోజు ఇక్కడ పోత లేదు, ఏమీ లేదు. కాటికి తీసుకుపోయే ముందు అమ్మ చెయ్యి గుడ్డలోంచి జారి, అరచెయ్యి పైకి పడింది చూడు. నువ్వు సర్ది లోపల పెట్టావు. నేను ఇక అక్కడ ఉండలేకపోయాను.

ఇప్పుడు ఎక్కడా అసలు చెయ్యి లేదు. జున్నులాంటి ఆ అచ్చు రెండో రోజుకే ముక్కలైంది. ప్లాస్టర్‌ను నేనే పాడు చేశాను. మైనం మీద మచ్చ మళ్ళీ పెడదామని చూస్తే, పెట్టిన ప్రతిసారీ అది అమ్మది కాదనిపిస్తోంది. నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది. ప్రియను అడుగు. ఎక్కడ మొదలై ఎక్కడిదాకా ఉండేది, ఎంత లావు, ఎటు వంపు. అది చెప్పినట్టే పెట్టి పోస్తాను. అడుగక్కా.

నాగేందర్


ఆర్మూర్
అక్టోబర్ 5

తమ్మీ,

ఈసారి బడి భాష వస్తలేదు. నోటికొచ్చినట్టే రాస్తున్న.

పెద్దలకు పెట్టె పెత్రమాసకు అమ్మ పేరు మీద బియ్యం ఇచ్చినం. నువ్వొస్తవేమోనని పొద్దుమీకెదాంక సూసిన. బతుకమ్మ గుడ ఆడలె ఈసారి.

నీ ఉత్తరం ప్రియకు సదివిన. సీసం కాడికి రాంగనె సదువుడు ఆపి కండ్లు తుడుసుకున్న. అది మాత్రం ఉలుకలె. "నాకు ఎరుకే అమ్మా" అన్నది. బీడీలు నేర్పేటప్పుడు అమ్మ చెయ్యి దాని చెయ్యి మీద ఉంటుండె గద, గా మచ్చ గుచ్చుకుంటుండెనట. గిదేందమ్మమ్మా అని అడిగితె, "గది మీ మామ మొదటి పోత బిడ్డా, నా చేతిలనే పోసిండు" అన్నదట. నవ్వుకుంట అన్నదట. నీ పని మంచిగుంటదని ఎవరన్న చెప్తె చాలు, ఇంటికొచ్చి ప్రియ ఏలు పట్టుకొని గా మచ్చ మీద పెట్టుకునేదట. నాకు ముప్పై రెండేండ్లు గంజి అనే చెప్పింది, సూడు. నువ్వు సిగ్గుపడి గీకేసినదాన్ని ఆమె మురిపెంగ దాసుకున్నది.

నువ్వడిగినట్టే అడిగిన. యాడ మొదలైతుండె బిడ్డా, ఎంత లావుంటుండె అని. చెయ్యి చాపింది. ఏలితోటి గాలిల గీసింది, ఆపింది. మల్ల గీసింది. ఇంకో తీరు వచ్చింది. ముఖం తెల్లగైంది పోరిది.

కాదు కాదనుకుంటనే రెండు నెలల సంది రోజు గా కంచు చెయ్యే పట్టుకుంటుంది. ఇంక పట్టుకోవడానికి దానికి ఏమున్నది? ఇప్పుడు అమ్మమ్మ అని అనుకుంటె నున్నటిదే యాదికొస్తుందట. "మచ్చ ఉండె అని మాట యాదికున్నది అమ్మా, మచ్చ యాదికి లేదు" అని ఎక్కెక్కిపడి ఏడ్చింది. అమ్మ సచ్చిపోయిన్నాడు గుడ గంత ఏడువలె.

నన్ను అడుగుతవేమో. నేను సూసిన, గంతే. పెండ్లయినంక అమ్మ చెయ్యి ఎన్నడన్న పట్టుకున్ననా? యాదికి లేదు.

ఇగ నువ్వొక్కనివే. మూడొద్దులు కూసొని గీకినవు. యాడ లావుండె, యాడ సన్నబడె, యాడ వంపు తిరిగె, నీ ఏళ్ళకే ఎరుక. మైనం మీద పెట్టబోతె నీకు భయమైతుంది గని, మరిచిపోయినవంటె నేను నమ్మ.

పార్సల్ పంపకు. మైనం తేకు, అచ్చు తేకు. ఒట్టి చేతులతోటి రా. నేనన్న మాట నేనే ఎనుకకు తీసుకుంటున్న, గడప తొక్కు. ప్రియ చాట ముందట పెట్టుకొని కూసుంటది. దాని ఎనుక కూసొని, చెయ్యి మీద చెయ్యి పెట్టి, గా మచ్చ గీత యాడికెళ్ళి యాడిదాంక ఉండెనో దాని అరచేతిల నీ ఏలితోటి గీసి సూపియ్యి. ఒక్కసారి కాదు, దానికి వచ్చెదాంక.

జల్ది రా. ఉత్తరం రాసుకుంట కూసోకు. నువ్వు గుడ మరుస్తవేమోనని నాకు భయమైతుంది.

మీ అక్క,
పద్మ